పూడికమట్టి మీద కొలిచిన లోతు

కేబులు ఎంత లోతున ఉందని అడిగితే అంకె చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎక్కడి నుంచి కొలిచావని అడిగితే అందులో సగం మంది తల గోక్కుంటారు. నేనూ ఆ సగంలో ఒకణ్ణి. అదీ ముప్పై ఏళ్ళు కాలువ గట్లు తవ్వాక, ఉద్యోగం ఇంకో ఏడాదిన్నర ఉందనగా. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళు చదవాలని ఇది రాస్తున్నాను. గొప్పలు చెప్పుకోవాలంటే వేరే సంగతులున్నాయి. ఇది తప్పు చేసిన సంగతి.

కోనసీమలో నేను కేబుల్ మేస్త్రీగా పనిచేశాను. రాగి తీగల రోజుల్లో గొయ్యి తవ్వే కూలీగా చేరి, తర్వాత పర్మినెంటు అయి, మేస్త్రీనయ్యాను. తర్వాత గాజు పోగులొచ్చాయి. వెంట్రుకంత పోగు, దాంట్లో వెలుగు పోతుంది, ఆ వెలుగు మీద మాటలూ బొమ్మలూ లెక్కలూ పోతాయి. ఇంతకు మించి ఆ విద్య గురించి నన్ను అడగొద్దు. నా పని ఆ పోగు భూమిలో భద్రంగా పడుకునేలా చూడటం.

అక్షరాలు నలభయ్యో ఏట నేర్చుకున్నాను. మా చర్చి పాటల పుస్తకం ఎదర పెట్టుకుని నేర్చుకున్నాను. పాటలన్నీ నోటికొచ్చు కనక, నోట్లో ఉన్న మాట కాగితం మీద ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కుంటూ పోయేవాణ్ణి. పుస్తకం చివరికొచ్చేసరికి చదవడం వచ్చింది. అప్పటిదాకా ఆఫీసు రిజిస్టర్లో నాది వేలిముద్ర. సంతకం వచ్చిన కొత్తలో గీత కనపడితే చాలు, పెట్టెయ్యాలనిపించేది. ఆ సరదా ఒక పట్టాన తీరలేదు.

ఇక అసలు సంగతి.

గన్నవరం అక్విడెక్టు దాటాక రాజోలు వైపు విశ్వవిద్యాలయం వాళ్ళకో చిన్న పరిశోధన కేంద్రం ఉంది. కొబ్బరితోటల్లోకి ఉప్పునీరు ఎంతవరకు ఎక్కింది, ఏ వరస చెట్లకి దెబ్బ తగిలింది అని చూస్తారక్కడ. ఎగిరే కెమెరాతో తోటల మీద నుంచి ఫొటోలు తీస్తారు. ఒక్కరోజు తీసిన ఫొటోలు అక్కడి పాత ఇంటర్నెట్టు మీద పంపాలంటే వారం పట్టేది. అందుకని పరిశోధన చేసే ఒక కొత్తపేట అమ్మాయి వారం వారం ఆ ఫొటోలు డిస్కుల్లో ఎక్కించుకుని బస్సులో విశ్వవిద్యాలయానికి పోయేది. మొదటిసారి నేను ఆమెని చూసినప్పుడు చేతిలో ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టె ఉంది. ఎవరికమ్మా అంటే, అందులో డిస్కులున్నాయంది.

"డిస్కులని చెప్తే సామాన్ల మీద పడేస్తారండి. పూతరేకులంటే నలిగిపోతాయని కండక్టరుగారే తన సీటు మీద పెట్టుకుంటారు" అంది.

ఆ కేంద్రానికి వేగంగా పోయే ఫైబరు లైను వెయ్యడం మాకొచ్చిన పని. దాని మీద ఒక పెద్ద సంగతి ఆధారపడి ఉంది. ఇంకో రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయం దగ్గర పెద్ద కంప్యూటరుంది. ఈ ఫొటోలన్నీ అది చూసి లెక్క తేలుస్తుంది. ఇద్దరూ కలిసి పనిచెయ్యడానికి ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే. వాళ్ళిచ్చిన తేదీన ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఇక్కణ్ణుంచి అక్కడికి ఆగకుండా, వేగం తగ్గకుండా ఫొటోలు వెళ్ళాలి. వెళితే పని ఈ కేంద్రానిది. వెళ్ళకపోతే మంచి లైనున్న ఇంకో ఊరిది. అప్పుడు ఈ అమ్మాయి మూడేళ్ళు ఎండలో తిరిగి చేసిన పని సగంలో ఆగిపోతుంది. తేదీ జరపడానికి లేదు, ఆ కంప్యూటరు మీద వంతు మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు.

లైను వేసింది ఆ తేదీకి ఏడాది ముందు. మా వైపు ఏటా వేసవిలో కాలువ కట్టేస్తారు, అంటే నీళ్ళు ఆపేస్తారు. ఆ నెలరోజుల్లోనే గట్టు పనులన్నీ జరగాలి. మేం గట్టు మీద గొయ్యి తవ్వుతుంటే, కాలువలో పూడిక తీసేవాళ్ళు ఆ మట్టి తెచ్చి అదే గట్టు మీద పోస్తున్నారు. అయిదడుగుల ఎత్తున పోశారు. మేం ఆ మట్టి మీదే నిలబడి తవ్వి, అయిదున్నర అడుగుల లోతున పైపు వేసి, అందులో కేబులు నడిపించాం. కర్ర పెట్టి కొలిస్తే అయిదున్నర. ఆఫీసు లోతుల పుస్తకంలో అయిదున్నర. కింద నా సంతకం.

నాకు తెలీదా? కోనసీమలో పుట్టినవాడెవడికైనా తెలుసు, గట్టు మీద పూడికమట్టి గట్టు మీద ఉండదు. ఎండగానే తోటల వాళ్ళు పట్టుకుపోయి కొబ్బరిచెట్ల మొదళ్ళలో వేసుకుంటారు. చిన్నప్పుడు నేను తట్టలతో మోసిన మట్టి అదే. కానీ నీళ్ళు వదిలే రోజు దగ్గరికొచ్చింది. తవ్వే మిషను ఇంకో ఊరికి పోవాలి. నీళ్ళు రాకముందే పని పూర్తిచేసిన మేస్త్రీ అని పేరొచ్చేలా ఉంది. మట్టి పోయినప్పుడు చూద్దాంలే అనుకున్నాను. అలా అనుకున్న మనిషి ఆ తర్వాత చూడడు. నేనూ చూడలేదు.

ఏడాది తిరిగింది. మళ్ళీ కాలువ కట్టారు. ఆ ఫొటోలు పంపే పరీక్షకి పదిరోజులుందనగా లైను చచ్చిపోయింది. వెళ్ళి చూస్తే గట్టు సగం ఎత్తుకి దిగిపోయింది. ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. మట్టి ఎత్తే మిషను పళ్ళు మా పైపుని చీల్చేశాయి. పైపు మీద ఉన్న మట్టి బెత్తెడు.

మా జాయింటరు, అంటే పోగులు అతికేవాడు, నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, వరసకి బావ. గొడుగు కింద కూర్చుని మధ్యాహ్నానికల్లా అతుకు వేసి లైను లేపాడు. పెట్టె సర్దుకుంటూ నా మొహం చూశాడు.

"ఏం బావా, అత్తారింటికొచ్చిన అల్లుడిలా అలా నిలబడిపోయేవు?"

"మిగతాది చూసేవా?" అన్నాను.

ఇద్దరం గునపం గుచ్చుకుంటూ నడిచాం. ఒకచోట మూరెడు, ఒకచోట జానెడు. నాలుగు వందల గజాలు అలాగే ఉంది. వాడు మరి జోకులెయ్యలేదు.

ఆ సాయంత్రమే మా ఇంజనీరుగారి దగ్గరికెళ్ళాను. వయసులో నాకన్నా చిన్నవారు. మంచివారే, కాని గొడవంటే భయం.

"అతుకు పడింది కదయ్యా, లైటొచ్చింది కదా. ఇంక ఇంటికి పద" అన్నారు.

"అతుకు సంగతి కాదండి. మిగతా నాలుగు వందల గజాలూ పైకి తేలుంది. రేపు ఇంకోడు కొడతాడండి. ఇప్పుడే కిందికి దింపెయ్యాలి."

"పరీక్ష అయ్యాక చూద్దాం."

"పరీక్ష మర్నాడే నీళ్ళు వదుల్తున్నారండి. నీళ్ళొచ్చాక గట్టు ముట్టుకోనివ్వరు. ఈలోగా తోటల వాళ్ళంతా మట్టి కోసం ఎగబడతారు. ఈ పదిరోజులే గండం."

ఆయన పుస్తకం తీయించారు. "అయిదున్నర అడుగులని ఉంది కదా?"

"పుస్తకంలో ఉందండి. భూమిలో లేదు."

"సంతకం ఎవరిది?"

"నాదేనండి."

ఆయన కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నారు. మళ్ళీ తవ్వాలంటే పై ఆఫీసు ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే, పుస్తకంలో రాసింది తప్పని ఎవరో ఒకరు రాసివ్వాలి. చివరికి గొంతు తగ్గించి అన్నారు:

"ఒక పని చేద్దాం. నీకు చదువు లేదు, గడిలో ఏం రాసుందో తెలీక సంతకం పెట్టేవని రాస్తాను. నీ సంగతి అందరికీ తెలిసిందే. ఎవరూ ఏమీ అనరు."

నా మేలు కోరే అన్నారాయన. అదే నాకు ఎక్కువ తగిలింది.

"అలా రాయకండి. నాకు చదువొచ్చండి. ఆ గళ్ళో 'నేలమట్టం నుంచి లోతు' అని ఉంది. చదివేను. చదివే పెట్టేను."

"ఒప్పుకుంటే మెమో ఇస్తారయ్యా. ఉద్యోగం చివర్లో నీకెందుకది?"

"ఇవ్వనీండి. చదువుకుంటాను."

"అయితే నువ్వే రాసివ్వు" అన్నారు విసుగ్గా.

మర్నాడు పొద్దున్న పూటంతా కూర్చుని రాశాను. అరపేజీ వచ్చింది. 'గట్టు మీద పోసిన పూడికమట్టి పైనుంచి కొలిచాను. ఆ మట్టి ఉండదని నాకు తెలుసు. తొందరలో చెప్పలేదు. ఇప్పుడు దింపకపోతే లైను నిలవదు.' గుణింతాలు రెండుచోట్ల కొట్టేసి తిరగరాశాను. నా జన్మలో అంతకుముందు నేను రాసిన పెద్ద కాగితం అర్జీ కూడా కాదు, కిరాణా చీటీ.

పరీక్షకి అయిదు రోజులుందనగా, తవ్వుకోడానికి ఆర్డరూ, నాకు మెమో ఒకే కవర్లో వచ్చాయి.

ఆర్డరొచ్చింది, మనుషుల్లేరు. ఆ నాలుగు వందల గజాలూ చేత్తోనే తవ్వాలి, మిషను పెడితే మళ్ళీ తెగుతుంది. పార పట్టేవాళ్ళంతా మట్టి ట్రాక్టర్ల మీదే ఉన్నారు. ఎక్కువమంది ఒకే తోట ఆసామి దగ్గర ఉన్నారు. గట్టు పొడుగునా తోటలు ఆయనవే. చిన్నప్పుడు నేను మట్టి మోసింది వాళ్ళ నాన్నగారి దగ్గర. ఆయన వీధి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. నేను మెట్టు కింద నిలబడ్డాను. అలవాటు, ఏం చేస్తాం. తర్వాత గుర్తొచ్చి పైకెక్కాను.

"నాలుగు రోజులు మిషను ఆపాలండి. మీ మనుషుల్ని నాకివ్వాలి" అన్నాను.

"ఎందుకూ?"

"నేను చేసిన తప్పు సర్దుకోవాలండి." ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "తప్పేమో నీది. మనుషులేమో నావాళ్ళు. ఆగేదేమో నా మట్టి. బాగుందయ్యా మేస్త్రీ బేరం."

"ఆయ్, అలాగే ఉందండి."

"ఒక్క వాన పడిందంటే మట్టంతా బురదైపోద్ది. మీ ఇంటర్నెట్టు కోసం నా చెట్లు మాడబెట్టుకోనా?"

"మీ మట్టి పోదండి. పైపు మీద మిగిలిన పూడికంతా చేత్తో తీసి ముందు మీ ట్రాక్టర్లలోకే ఎత్తిస్తాను. ఆ తర్వాతే నా గొయ్యి. మీకు మట్టొస్తది, నాకు లోతొస్తది."

ఆయన మళ్ళీ గ్లాసు అందుకున్నారు. నేనే అన్నాను:

"మురుగు కాలవ వైపు మీవి మూడు వరసల చెట్లు ఎండిపోయేయి కదండీ."

"అయితే?"

"ఓ అమ్మాయి కెమెరా ఎగరేసి ఫొటోలు తీసింది గుర్తుందాండీ?"

"ఎందుకు లేదు? ఆ చప్పుడుకి మా గేదె తాడు తెంపుకుంది. ఉప్పెంతవరకొచ్చిందో చెప్తానంది, ఇంతవరకూ చెప్పలేదు."

"ఆ లెక్క తేలేది ఈ తీగ మీదేనండి. ఇది ఆగిందంటే ఆ పని ఇంకో ఊరు పోద్ది. వాళ్ళు వాళ్ళ తోటలు చూసుకుంటారు. మీ నాలుగో వరస సంగతి ఎవరూ చూడరు."

ఆసామి లోపలికి చూసి కేకేశారు: "ఒసేయ్, మేస్త్రీగారికి కాఫీ పట్రా." మనుషులొచ్చినట్టేనని నాకు అర్థమైంది.

ఇరవై మందిమి దిగాం. పైపు పక్కనే, దాన్ని తాకకుండా లోతుగా తవ్వి, పది మంది ఒకేసారి పట్టుకుని అంగుళం అంగుళం కిందికి దింపాలి. లోపల వెలుగు నడుస్తూనే ఉంటుంది. పసిపిల్లని నిద్రలో పక్క మార్చడం చేతనైనవాడికి ఈ పని చెప్పక్కర్లేదు. మా జాయింటరు ముందు నడుస్తూ "మెల్లగా బాబూ, మెల్లగా, లోపల ఫొటోలు కదిలిపోతాయి" అనేవాడు. ఒక పెద్దాయన నిజమేననుకుని ఊపిరి బిగబట్టి పట్టుకునేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం వాన పడింది. ఒక పూట పోయింది. నాలుగో రోజు పొద్దుగూకేసరికి అరవై గజాలు మిగిలిపోయాయి. మర్నాడే పరీక్ష.

ఆ అరవై గజాల్లో పరీక్ష నడుస్తుండగా పార వెయ్యడం నాకిష్టం లేదు. నాలుగింటికి పరీక్ష అయిపోతుంది, చీకటి పడేలోగా దింపేద్దామన్నాను. అంతవరకూ కాపలా. పారలు పక్కన పెట్టి ఇరవై మందిమీ ఆ అరవై గజాల మీద వరసగా కూర్చున్నాం. ఏ ట్రాక్టరు వచ్చినా మా మీంచి పోవాల్సిందే. ఆసామి గొడుగేసుకుని చూడ్డానికొచ్చి, "నీళ్ళొదిలే ముందు కాలవకి పూజ చేస్తారని తెలుసు గాని, ఇలా మనుషుల్ని వరసగా పెడతారని తెలీదయ్యా" అని నవ్వేరు.

పదింటికి మొదలైంది. ఒంటి గంటయింది. బాగానే ఉంది. ఒకటిన్నరకి ఆ అమ్మాయి ఫోను.

"మేస్త్రీగారూ, వేగం పడిపోతోందండి. తెగలేదు గాని, సగానికొచ్చేసింది."

"మేమేం ముట్టుకోలేదమ్మా."

"ఇంకా తగ్గుతోందండి."

మా జాయింటరు కేబుల్లో ఖాళీగా ఉన్న పోగుకి మిషను తగిలించి చూశాడు. వెలుగు ఎంత దూరంలో కారిపోతోందో అది చెబుతుంది. దూరం చెప్పాడు. ఆ చోటు నాకు తెలుసు. మేం కాపలా కాస్తున్న అరవై గజాల్లో లేదది. మొన్న మేమే దింపి, పూడ్చి, బాగుందనుకుని వెనక్కి చూడని చోటు, తూము పక్కన. గాజు పోగు విరగక్కర్లేదు, గట్టిగా వంగితే చాలు, వెలుగు బయటికి పోతుంది.

పరిగెత్తాం. పైన రెండడుగులు పారతో తీశాం. ఆపైన పార వద్దన్నాను. బోర్లా పడుకుని చేతులతో తీశాను. తడిమట్టి. వానకి మేం పూడ్చిన మట్టి కుంగింది, తూము గోడలోంచి ఒక ఇటుక జారి పైపు మీద కూర్చుంది. పైపు మోచెయ్యిలా మడత పడింది. ఇటుక పైకి తీశాను. పైపు కింద అరచెయ్యి పెట్టి కొంచెం కొంచెం ఎత్తి పట్టుకున్నాను.

"ఎలా ఉందో అడుగు" అన్నాను.

జాయింటరు ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "పెరుగుతోందంట బావా. ఉండు. ఇంకొంచెం. ఆఁ, వచ్చేసిందంట."

చెయ్యి తియ్యడానికి భయమేసింది. అలాగే ఉండి, కిందా పక్కలా ఇసక పోయించి, పైపు సర్దుకున్నాక అప్పుడు తీశాను. అంతా కలిపి ముప్పావు గంట.

అప్పుడా అమ్మాయి మళ్ళీ చేసింది. "అటు వాళ్ళు అడుగుతున్నారండి, ముప్పావు గంట వేగం ఎందుకు తగ్గిందని. ఇక్కడ మా వాళ్ళు కరెంటు హెచ్చుతగ్గులని రాసెయ్యమంటున్నారు. ఏం రాయమంటారు?"

"తూము దగ్గర ఇటుక పడి పైపు వంగింది. మేం సరిగా కట్టుదిట్టం చెయ్యక పడింది. తీసేశాం. అది రాయమ్మా."

"అలా రాస్తే ఓడిపోతామేమోనండి."

"కరెంటని రాస్తే రేపు మళ్ళీ తగ్గినప్పుడు ఏం రాస్తావు?"

"సరేనండి" అని పెట్టేసింది. ఆ తర్వాత వేగం తగ్గలేదు. నాలుగింటికి లేచి, మిగిలిన అరవై గజాలూ దింపేశాం. తూము గోడకి సిమెంటు పెట్టించాను. మర్నాడు నీళ్ళు వదిలారు.

జవాబు మూడో రోజున వచ్చింది. ఆ అమ్మాయి నన్ను వెతుక్కుంటూ మా ఆఫీసుకొచ్చింది. పని ఈ కేంద్రానికే ఇచ్చారు. కాకపోతే మూడు నెలలు రోజూ చూస్తామన్నారట. కారణం తెలిసిన లోపం కాబట్టి ఒప్పుకున్నామని రాశారట. నాకు చూపించింది. ఇంగ్లీషులో ఉంది, నాకు రాదు, ఆమే చదివింది. చదివాక అదే కాగితం మళ్ళీ మొదటి నుంచి చదివింది. అంతవరకూ ఆమె ఎంత భయపడిందో నాకు అప్పుడు తెలిసింది.

"ఇంక భయం లేదు కదండీ?" అంది.

"నీ గట్టుకి లేదమ్మా" అన్నాను.

ఆమె వెళ్ళిపోయాక ఇంజనీరుగారు ఫైలు కట్టేసి, "అయిపోయింది, ఇంక మెమోకి జవాబు నేను చూసుకుంటాను, నువ్వు హాయిగా రిటైరవు" అన్నారు. నేను కదల్లేదు. పరీక్ష ముందు రాత్రులు ఆ లోతుల పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి, వేలు పెట్టి మొదటి నుంచి చదివాను. ఆ ఏడాదే, అదే నెలలో, పూడికమట్టి మీద నిలబడి కొలిచినవి ఇంకో రెండు గట్లున్నాయి. ఒకటి ఆసుపత్రికి పోయే లైను, ఇంకోటి కాలేజీకి. రెండిటి కిందా సంతకం నాదే.

చెప్పాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఎవరైనా అడిగేరా నిన్ను?"

"లేదండి."

"తెగిందా?"

"ఇంకా లేదండి."

ఆయన పుస్తకం మళ్ళీ తెరిచి, "ఏ పేజీలు?" అన్నారు. చెప్పాను. కాలేజీ వైపుది శివారు కాలువ. అక్కడికి నీళ్ళు చేరడానికి ఇంకా రెండు రోజులు పడుతుంది. ఆసుపత్రి వైపు కాలువకి నీళ్ళొచ్చేశాయి, అది మళ్ళీ కాలువ కట్టాకే. ఆయనే జీపు తాళాలు తీసుకున్నారు. నేను పారలూ గునపాలూ వెనక వేసి, ఆసామి ఇంటి మీదుగా పోనిమ్మన్నాను. మనుషులు కావాలి కదా.